వారానికి ఒక్క రోజు అందరం కలిసి షట్టర్ దించుదాం: మా మార్కెట్ వ్యాపారుల సంఘానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, కార్యవర్గ సభ్యులకు, మార్కెట్‌లోని తోటి దుకాణదారులందరికీ నమస్కారం.

డ్రైనేజీ పొంగినా, ట్రాన్స్‌ఫార్మర్ కాలినా మీరు దగ్గరుండి పని చేయించిన సంగతి మేమెవరం మరచిపోలేదు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. సంఘం ఆఫీసులో ఇచ్చిన కాగితానికి జవాబు రాలేదు కాబట్టి అందరికీ కనిపించేలా రాస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ వైపు మన మార్కెట్‌లో నాది మ్యాచింగ్ సెంటర్. బ్లౌజ్ పీసులు, లైనింగులు, లంగాలు, లేసులు అమ్ముతాం, ఫాల్ కుట్టి పికో చేసిస్తాం. పోయినేడు ఎండాకాలం పెళ్ళిళ్ళు అయ్యాక మా వరుసలోని కొందరం సంతకాలు చేసి మీకు వినతిపత్రం ఇచ్చాం. అందులో అడిగినవి రెండే. వారానికి ఒకరోజు మార్కెట్ మొత్తం బంద్ పెట్టాలని, రాత్రి 9.30కి అందరి షట్టర్లూ దిగాలని. "చూద్దాం అక్కా, ఈ సీజన్ పోనీ" అన్నారు.

ఏ సీజన్ పోవాలో మాకు అర్థం కాలేదు. ఒకప్పుడు ఆషాఢం అంటే బట్టల బజారుకు గిరాకీ లేని నెల. యజమానులు ఊళ్ళకు పోయొచ్చేవాళ్ళు, తీర్థయాత్రలు చేసేవాళ్ళు, లెక్కలు సరిచూసుకునేవాళ్ళు. ఇప్పుడు ఆషాఢం సేల్ పేరుతో ఆ నెలలో డబుల్ పని. అది పోతే శ్రావణం, వరలక్ష్మీ వ్రతాలు. తర్వాత బతుకమ్మ, దసరా, దీపావళి. కార్తీకంలో పెళ్ళిళ్ళు. సంక్రాంతి. మాఘం వస్తే మళ్ళీ పెళ్ళిళ్ళు, మళ్ళీ ఎండాకాలం. మధ్యలో మూఢం వస్తే కాస్త ఊపిరి ఆడుతుంది అనుకుంటే, ముహూర్తాలు లేని ఆ రోజుల్లోనే కిరాయి, కరెంటు బిల్లు, బ్యాంకు కిస్తీ గుర్తొచ్చి నిద్ర పట్టదు. మీరు చెప్పిన 'సీజన్ పోయాక' అనే రోజు పంచాంగంలో లేదు.

మా వినతిపత్రం మీద ఏమీ జరగలేదని అనను. ఒత్తిడి మీద ఒక కార్యక్రమం పెట్టారు, ఫంక్షన్ హాల్లో. వచ్చిన వక్త మంచివాడే, బాగా నవ్వించాడు. తెల్లవారుజామున 5 గంటలకు లేచి ధ్యానం చేయమన్నాడు. రాత్రి 11కి ఇంటికి చేరి, తిని, గిన్నెలు కడిగి, 12.30కి పడుకునేవాళ్ళకు ఆ సలహా ఎలా పనికొస్తుందో ఆయనను అడగాలనుకున్నాను. అంతలో భోజనాలు వడ్డించారు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. చిన్న వ్యాపారి అలసటకు మందు ఆ వ్యాపారి ఒక్కడి చేతిలో లేదు. నేను మంగళవారం మూస్తే పక్క షాపు తెరిచి ఉంటుంది. నా దగ్గరికి పదేళ్ళుగా వస్తున్న టైలరమ్మ ఆ రోజు అక్కడికి వెళ్తుంది, మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు. పక్క షాపాయనకూ నన్ను చూసి అదే భయం. ఇద్దరమూ మూయాలనే అనుకుంటాం, ఇద్దరమూ తెరిచే కూర్చుంటాం. ఈ చిక్కును విప్పగలిగింది సంఘం మాత్రమే. అందుకే మీ దగ్గరికి వచ్చాం.

పరిస్థితి ఎలా ఉందో వివరంగా చెప్తాను.

1. పని గంటలు. మన వరుసలో ఉదయం 10కి తెరిచి రాత్రి 10.30కి మూస్తున్నాం, ఆదివారంతో సహా. వారానికి 87 గంటలు దాటుతుంది. ఇందులో హోల్‌సేల్‌కు పోయి సరుకు తెచ్చే పొద్దులు కలపలేదు. గల్లా లెక్క చూసుకునే సమయం కలపలేదు. రాత్రి 11 తర్వాత వాట్సాప్‌లో వచ్చే చీరల ఫొటోలు, "ఈ షేడ్ ఉందా అక్కా, పొద్దున్నే కావాలి" అన్న మెసేజ్‌లు కూడా కలపలేదు. (ఫోన్ ఫొటోలో చూసి షేడ్ కలపడం బ్రహ్మకైనా సాధ్యం కాదు. ట్యూబ్‌లైట్ కింద కలిసిన రంగు గుమ్మం బయట ఎండలో విడిపోతుంది. అయినా జవాబు ఇవ్వకపోతే గిరాకీ పోతుంది.)

తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం పనివాళ్ళకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని గీత గీసింది, వారానికో సెలవు ఇవ్వాలంది. అది న్యాయమే. గల్లా దగ్గర కూర్చున్న యజమాని గంటలకు అలాంటి గీత ఏదీ లేదు. మన మార్కెట్‌లో యజమాని అంటే ఏసీ గదిలో కూర్చుని సంతకాలు పెట్టే మనిషి కాదు. గుడ్డ కత్తిరించేదీ, మూటలు మోసేదీ, చెత్త ఊడ్చేదీ, బ్యాంకుకు పోయేదీ తనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క బయటపెట్టాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్ళతో పోలిస్తే, 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్ళకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మనం ఆ 55 గంటల గీతను గురువారం రాత్రికే దాదాపు చేరుకుంటున్నాం, శుక్రవారం దాటేస్తున్నాం. వారం ఇంకా మిగిలే ఉంటుంది.

2. ఈ అలసట మనకు అలసటలా కనిపించకపోవడం. ఇది అన్నిటికంటే ముఖ్యమని నాకనిపిస్తుంది, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. బర్న్‌అవుట్ అంటే ఏమిటో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో వివరంగా రాసింది. రోగంగా కాదు, సరిగా చూసుకోని పని ఒత్తిడి చాలాకాలం సాగితే వచ్చే స్థితిగా. దానికి మూడు గుర్తులు చెప్పింది. శక్తి ఇగిరిపోవడం, చేసే పని మీద విరక్తి పుట్టడం, పని సరిగా చేయలేకపోవడం.

ఆ మూడూ మన మార్కెట్‌లో ఎలా ఉంటాయో మీకు తెలుసు, పేరు పెట్టి పిలవలేదంతే. పొద్దున షట్టర్ ఎత్తబోతే చెయ్యి రాదు. బోణీ కాకముందే ఎప్పుడు మూద్దామా అనిపిస్తుంది. ఒకప్పుడు ఒక్క బ్లౌజ్ పీసు కోసం నలభై థాన్లు దింపి చూపించిన మనిషే ఇప్పుడు "అదుగో, అక్కడున్నవే, నచ్చితే తీసుకోండి" అంటాడు. పన్నెండు నెలలూ నోటి లెక్కతో నడిపిన మనిషి చిల్లర ఇవ్వడానికి కాలిక్యులేటర్ వెతుక్కుంటాడు. ఫోన్ మోగితే గుండె దడ, డీలరేమో, ఫైనాన్స్ వాళ్ళేమో అని. ఇంట్లో ఎవరైనా "ఏమైంది" అంటే కోపం.

దీన్ని మనం గ్యాస్ అనుకుంటాం. షుగర్ పెరిగిందనుకుంటాం. దిష్టి తగిలిందని గుమ్మడికాయ మార్చి కడతాం. నిమ్మకాయలు, మిరపకాయలు ప్రతి శనివారం మారుతూనే ఉంటాయి. మనిషికి మాత్రం ఒక పూట విశ్రాంతి దొరకదు. ఉద్యోగస్తుడైతే సిక్ లీవ్ పెడతాడు, పైఅధికారితో పోట్లాడతాడు, ఉద్యోగం మారతాడు. మనం ఎవరితో పోట్లాడాలి? సంతకం పెట్టి తెచ్చిన అప్పు మనదే, అడ్వాన్స్ కట్టిన మడిగ మనదే. "నీ సొంత షాపే కదా, నీకేం, ఎప్పుడైనా మూసుకోవచ్చు" అని బంధువులంటారు. సొంతం కాబట్టే మూయలేకపోతున్నామని వాళ్ళకు చెప్పలేం.

3. పనిచేసే పిల్లలు. మన షాపుల్లో పనిచేసేవాళ్ళలో చాలామంది ఆడపిల్లలు, హయత్‌నగర్ వైపు నుంచి, ఎల్బీ నగర్ అవతలి కాలనీల నుంచి వస్తారు. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి వచ్చే జీతంలో కొంత మిగులుతోంది. కానీ రాత్రి 10.30 తర్వాత వాళ్ళ కాలనీలకు బస్సు దొరకడం కష్టం. షేర్ ఆటో ఎక్కితే మిగిలిన డబ్బు అక్కడే పోతుంది. ఇంటి దగ్గర తల్లి గేటు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆలస్యం వల్ల మానేసిన పిల్లలు ప్రతి షాపులోనూ ఉన్నారు. మంచిగా పని నేర్చుకున్న పిల్ల మానేస్తే ఆ భారం మళ్ళీ యజమాని మీదే పడుతుంది. కొత్త పిల్లకు షేడ్లు, పన్నాలు (గుడ్డ వెడల్పులు) నేర్పేసరికి నెలలు పడుతుంది.

వారపు సెలవు ఇస్తున్నాం, నిజమే. అయితే ఒకరి తర్వాత ఒకరికి ఇస్తున్నాం. ముగ్గురుండే షాపులో వారంలో మూడు రోజులు ఇద్దరే ఉంటారు. తగ్గిన ఆ మనిషి పని ఎవరు చేస్తున్నారో చెప్పనక్కర్లేదు.

4. కొనడానికి వచ్చేవాళ్ళు. కత్తిరించిన గుడ్డ వాపసు తీసుకోం అని అందరం బోర్డు పెట్టుకున్నాం. రాత్రి 10 గంటలకు కళ్ళు లాగుతుంటే కత్తిరించిన మీటరు గుడ్డలో షేడ్ తేడా వస్తే నష్టపోయేది ఎవరు? నాలుగిళ్ళలో పనిచేసి కూతురి పెళ్ళి బట్టలు కొనుక్కునే మనిషి. టైలర్ దగ్గర ఆ బ్లౌజు ఆగిపోతుంది, ముహూర్తం ఆగదు. కస్టమర్లతో గొడవలు రాత్రి 9 తర్వాతే ఎక్కువని మీ దగ్గరికి వచ్చే ఫిర్యాదులు ఒకసారి తిరగేస్తే మీకే కనిపిస్తుంది.

5. ఆడ యజమానులు. మన సంఘంలో సభ్యత్వం ఆడవాళ్ళ పేరు మీద ఉన్న షాపులు తక్కువేం కాదు, కార్యవర్గంలో మాత్రం ఒక్కరూ లేరు. ఆ సంగతి మరోసారి మాట్లాడుకుందాం. షట్టర్ దించాక మగ యజమాని ఇంటికి పోతే కంచం ముందు కూర్చుంటాడు. మేం పోతే పొయ్యి ముందు నిలబడతాం.

6. కాగితం పని. జీఎస్టీ 2017 జూలై 1న వచ్చింది. పన్ను కట్టం అని ఎవరూ అనడం లేదు. సరుకు అమ్మేవాళ్ళకు చాలా రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ పరిమితి 40 లక్షల టర్నోవర్ అయితే మన తెలంగాణలో అది 20 లక్షలే. అంటే పక్క రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ అక్కర్లేని చిన్న షాపు ఇక్కడ రిటర్నులు వేయాలి. నెలనెలా వేసేవాళ్ళకు 11వ తేదీ ఒకటి, 20వ తేదీ ఒకటి. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద ఒకే శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్ళకు మూడు నెలలకోసారి 18వ తేదీ, ఏడాదికోసారి ఇంకొకటి. పన్ను కట్టాల్సిన రిటర్ను ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, ఆపైన 18 శాతం వడ్డీ. నోటీసు పోస్టులో రాదు, పోర్టల్‌లో ఎక్కడో పెడతారు. అది చూడలేదంటే తప్పు మనదే. 2025 సెప్టెంబర్ 22న రేట్లు మారాయి. సరిగ్గా బతుకమ్మ గిరాకీ నడుమ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చుకున్నాం. రేట్లు తగ్గడం మంచిదే, కానీ ఆ వారం ఎవరూ నిద్రపోలేదు.

7. పడిపోతే పట్టుకునేవాళ్ళు లేకపోవడం. పదిమంది, అంతకు పైగా పనివాళ్ళున్న షాపులో 21 వేల లోపు జీతమున్నవాళ్ళకు ఈఎస్ఐ బీమా ఉంటుంది, జబ్బు చేస్తే సనత్‌నగర్ ఆసుపత్రికి పోవచ్చు. ఆ చందాలో యజమాని వాటా కట్టే మనకు అది వర్తించదు. కేంద్రం 2019లో చిన్న వ్యాపారులకు పెన్షన్ పథకం తెచ్చింది. 60 దాటాక నెలకు 3,000. చేరాలంటే వయసు 18కీ 40కీ మధ్య ఉండాలి. మన మార్కెట్‌లో అలసిపోయినవాళ్ళ వయసు ఎంతో ఒకసారి లెక్కేయండి.

ఇప్పుడు మీవైపు నుంచి మేం విన్న అభ్యంతరాలకు వస్తాను.

"పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే యాప్‌లు వచ్చాయి, మనం మూస్తే మునిగిపోతాం" అన్నారు. గిరాకీ అటు పోతున్న మాట నిజం. అయితే రాత్రి 9.30 నుంచి 10.30 దాకా మన షాపుల్లో ఎంత అమ్మకం జరుగుతోందో ఎవరైనా రాసిపెట్టారా? మా వరుసలో అడిగి చూశాను. ఎవరి దగ్గరా లెక్క లేదు, "ఎవరైనా వస్తారేమో" అన్న మాట ఒక్కటే ఉంది. మనం ఎన్ని గంటలు తెరిచి కూర్చున్నా యాప్‌తో గంటల్లో పోటీ పడలేం, దానికి నిద్ర లేదు. చీర తెచ్చి గుడ్డ పక్కన పెట్టి, గుమ్మం బయటికి పోయి వెలుతురులో చూసుకునే మనిషే మన గిరాకీ. ఆ మనిషికి కావలసింది మెలకువగా, ఓపిగ్గా ఉన్న దుకాణదారు.

"ప్రభుత్వమే 24 గంటలు తెరుచుకోమంది కదా" అన్నారు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఉత్తర్వు అది. ఏడాదికి 10,000 రూపాయలు కట్టి, పనివాళ్ళకు వారపు సెలవు లాంటి షరతులు పాటిస్తే రాత్రంతా తెరవవచ్చని చెప్పింది. అది అనుమతి మాత్రమే. తెరిచి తీరాలని ఎక్కడా లేదు. అన్నట్టు, మన వరుసలో ఆ ఫీజు కట్టిన షాపు ఒక్కటీ నాకు తెలియదు.

"హైదరాబాద్‌లో బంద్ అంటే జనం ఒప్పుకోరు" అన్నారు. ఇది మాత్రం నాకు నవ్వు తెప్పించింది. ఈ నగరంలో సెలూన్లు మంగళవారం మూసే అలవాటు ఎన్నేళ్ళదో, జనం ఎవరూ జుట్టు పెంచుకుని తిరగడం లేదు, సోమవారమో బుధవారమో పోతున్నారు. రాణిగంజ్‌లో ఆదివారం మోటార్ల షాపులు, పైపుల షాపులు మూసి ఉంటాయి. కావాల్సినవాళ్ళు శనివారమే కొనుక్కుంటారు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాల బజారు నడుస్తోందంటే, వెనకున్న షాపుల షట్టర్లు దించి ఉండబట్టే. 2020 జూన్ చివర్లో కరోనా కేసులు పెరిగితే బేగంబజార్, సికింద్రాబాద్ జనరల్ బజార్ వ్యాపారులు ప్రభుత్వం చెప్పకుండానే కొన్నాళ్ళు తమంతట తాము మూసుకున్నారు. సంఘాలు అనుకుంటే చేయగలవనడానికి ఇంకా ఏం కావాలి?

ఏ రోజు మూయాలన్న దగ్గర మాలో మాకే తేడాలున్నాయి, దాచను. ఆదివారం మనకు పెద్ద గిరాకీ, దాన్ని వదులుకోమని ఎవరినీ అడగలేం. మంగళవారం కొత్త బట్టలు కొనడానికి చాలామంది వెనకాడతారు కాబట్టి నష్టం తక్కువ. అందుకే మా వరుసలో ఎక్కువమంది మంగళవారం అన్నారు. దీంట్లో ఒక మెలిక ఉంది. హోల్‌సేల్ బజార్లు మంగళవారం తెరిచే ఉంటాయి. షాపు మూసి, బ్యాగు పట్టుకుని మదీనాకో జనరల్ బజార్‌కో పోతే దాన్ని సెలవు అనలేం. కొనుగోళ్ళకు వేరే ఏర్పాటు చేసుకోకుండా మంగళవారం బంద్ అంటే, పేరుకు బంద్, పనికి బంద్ కాదు. దీని గురించి కింద అడిగాను.

మంగళవారం మూసి, మిగతా ఆరు రోజులు ఉదయం 10 నుంచి రాత్రి 9.30 దాకా నడిపినా వారానికి 69 గంటలవుతుంది. సోమరితనం అని మమ్మల్ని అన్న పెద్దమనిషి ఈ లెక్క చూడాలి.

మేం అడుగుతున్నవి ఇవి.

1. వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో వారపు బంద్‌ను మొదటి అంశంగా పెట్టండి. ఏ రోజన్నది చేతులెత్తి కాదు, చీటీలు వేసి తేల్చండి. చేతులెత్తమంటే గట్టిగా మాట్లాడేవాళ్ళదే పైచేయి అవుతుంది. మెడికల్ షాపులు, టిఫిన్ సెంటర్లు, పాలు, కూరగాయలవాళ్ళకు మినహాయింపు ఇవ్వండి. బతుకమ్మ నుంచి దీపావళి దాకా, రంజాన్ చివరి రోజుల్లో, సంక్రాంతి ముందు వారం బంద్ ఎత్తేయండి, మాకు అభ్యంతరం లేదు.

2. రాత్రి 9.30కి షట్టర్లు దించేలా తీర్మానం చేయండి. 9.15కి మార్కెట్ మైకులో ఒక మాట చెప్పిస్తే చాలు. లోపల ఉన్న కస్టమర్‌ను తరిమేయమని కాదు, కొత్తవాళ్ళను రానివ్వొద్దని. ఎవరినీ బలవంతం చేయొద్దు, జరిమానాలూ వద్దు. ఒప్పుకున్న షాపుల పేర్లు మార్కెట్ గేటు దగ్గర పెద్ద బోర్డు మీద రాయించండి. తమ పేరు లేదేమని మిగతావాళ్ళను వాళ్ళ కస్టమర్లే అడుగుతారు.

3. కొనుగోళ్ళకు ఉమ్మడి టెంపో. లైనింగు, లంగాల గుడ్డ, దారాలు, హుక్కుల్లాంటి చూడనక్కర్లేని సరుకును సంఘం తరఫున వారానికి రెండుసార్లు ఒకే బండిలో తెప్పించండి. ఆర్డర్ ఎవరిది వాళ్ళే ఇచ్చుకుంటారు, కిరాయి పంచుకుంటాం. డిజైన్ చూసి కొనాల్సిన వాటికి మాత్రమే మనిషి పోతాడు. ఇది ఒక్కటి చేసినా చాలామందికి వారంలో ఒక పొద్దు మిగులుతుంది.

4. నెలలో రెండు సాయంత్రాలు, అంటే 11కి ముందొకటి, 20కి ముందొకటి, సంఘం ఆఫీసులో ఒక అకౌంటెంట్‌ను కూర్చోబెట్టండి. ఎవరి పోర్టల్‌లో నోటీసు ఉందో చూసి తెలుగులో చెప్తే సగం టెన్షన్ పోతుంది. చందాలో ఇంకో వంద పెంచండి, ఇస్తాం.

5. ఉద్దెర మీద ఒక ఉమ్మడి మాట పెట్టండి. బొటిక్‌ల వాళ్ళకు, టైలర్లకు ఎన్నాళ్ళ ఉద్దెర ఇవ్వాలన్నది ఒక్కో షాపుకు ఒక్కోలా ఉంది, అందుకే ఎవరికీ వసూలు కావడం లేదు. తయారీదారుకు 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న సంస్థల చట్టం చెప్తుంది గానీ, ఆ రక్షణ మనలాంటి కొని అమ్మేవాళ్ళకు లేదు. మన నియమం మనమే పెట్టుకోవాలి. నెల దాటితే కొత్త సరుకు లేదని అన్ని షాపులూ అంటే, ఆదివారం సాయంత్రం బండి వేసుకుని వసూళ్ళకు తిరగడం తగ్గుతుంది.

6. వినాయక చవితి చందాలో మిగిలిన డబ్బుతో ఏడాదికి రెండుసార్లు యజమానులకూ పనివాళ్ళకూ కలిపి బీపీ, షుగర్, గుండె పరీక్షల క్యాంపు పెట్టండి. మోటివేషనల్ స్పీకర్ ఖర్చు కంటే ఎక్కువ కాదు. టెలి మానస్ నంబరు 14416ను ప్రతి షాపు గల్లా పక్కన అంటించండి. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఇది, తెలుగులో మాట్లాడవచ్చు, రాత్రయినా ఎత్తుతారు. నిద్ర పట్టకపోయినా, ఈ బతుకెందుకన్న ఆలోచన వచ్చినా ఎవరికీ తెలియకుండా ఫోన్ చేయవచ్చు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితే నవ్వుతారన్న భయంతో డాక్టర్ దగ్గరికి పోనివాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళకు మొదటి మెట్టుగా ఇది పనికొస్తుంది.

7. కార్యవర్గంలో కనీసం ఇద్దరు ఆడ యజమానులకు చోటు ఇవ్వండి. పైన మరోసారి అన్నాను గానీ, ఇప్పుడే అడుగుతున్నాను.

తోటి దుకాణదారులకు ఒక మాట. ఈ ఉత్తరం చదివి "అక్క చెప్పింది నిజమే, కానీ పక్కాయన ఒప్పుకోడు" అనుకుంటే, ముందు ఆ పక్కాయన దగ్గరికి వెళ్ళి అడగండి. మా వరుసలో అడిగితే తెలిసింది, అందరూ పక్కవాళ్ళ పేరే చెప్తున్నారు.

అధ్యక్షులు గారూ, కార్యదర్శి గారూ, ఆషాఢం ముగిసేలోపు సమావేశం తేదీ నోటీసు బోర్డు మీద పెట్టాలని కోరుతున్నాం. పెడితే టీ, బిస్కెట్ల ఖర్చు మా వరుసదే. పెట్టకపోతే, కింద సంతకాలు చేసిన షాపులన్నీ శ్రావణంలో మొదటి మంగళవారం నుంచి మూసి ఉంటాయి. ఆ సంగతి మా కస్టమర్లకు ఇప్పటి నుంచే బిల్లు మీద ముద్ర వేసి చెప్తున్నాం. సంఘానికి వ్యతిరేకంగా ఏమీ చేయడం లేదు, సంఘం చేస్తుందని ఎదురుచూసిన పనే చేస్తున్నాం.

ఇట్లు,
మార్కెట్ మూడో వరుస మ్యాచింగ్ సెంటర్ యజమానురాలు,
ఆ వరుసలోని ఫ్యాన్సీ, చీరలు, స్టీలు సామాను, చెప్పుల దుకాణదారులు
దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతం, హైదరాబాద్

ప్రతులు: కార్మిక శాఖ సహాయ అధికారి గారికి, సమాచారం కోసం. మార్కెట్ గేటు నోటీసు బోర్డుకు.